ముందు శుభ్రత, చివరికే మందు

మన నెల్లూరు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు దాకా వానలు. హాస్టల్లో దోమలు, బొద్దింకలు, ఎలుకలు పెరుగుతాయి. వెంటనే మందు కొట్టమంటాం. కానీ మనం చదివేది, తినేది, పడుకునేది ఒక్కచోటే. ఆ మందు మనకూ విషమే. 2013 జూలై 16న బీహార్‌లోని గండామన్ గ్రామ పాఠశాలలో, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు.

రైతులు పాటించే సమగ్ర సస్యరక్షణ పద్ధతి మన హాస్టలుకూ పనికొస్తుంది. ఏ పురుగుకైనా కావలసినవి మూడు: తిండి, నీరు, దాగే చోటు. వాటిని దొరకనీయకూడదు.

1. నీళ్ళతొట్లు వారానికొకసారి తోమి ఆరబెట్టాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది.
2. ప్లేట్లు రాత్రికే కడగాలి. చెత్తబుట్టకు మూత ఉండాలి.
3. గోడ పగుళ్ళు, తలుపు కింది సందులు మూయించాలి.
4. నల్లులు పడితే దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి.
5. అప్పటికీ తగ్గకపోతేనే మందు. అదీ పిల్లలు లేనప్పుడు, పెద్దలే, పురుగు ఉన్నచోటే వాడాలి. మందు డబ్బాను బియ్యం, నూనె దగ్గర ఉంచరాదు. ఖాళీ డబ్బాను మళ్ళీ దేనికీ వాడరాదు.

వీటికి పెద్ద ఖర్చు లేదు. గదికి ఇద్దరం చొప్పున వంతులు వేసుకుంటే చాలు. మన ఆరోగ్యాన్ని మనమే కాపాడుకుందాం!