అమలాపురానికి ఎన్ని అక్షరాలు? - రాకు భాషతో పరిచయం

అమలాపురం. ఎన్ని అక్షరాలు? అ, మ, లా, పు, రం. ఐదు. ఒకటో తరగతి పిల్లలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. అదే ప్రశ్న పైథాన్‌ని అడిగితే 8 అంటుంది. జావాస్క్రిప్ట్ కూడా 8 అనే అంటుంది. లువాలో మామూలు పొడవు గుర్తు వాడితే ఏకంగా 24! మనలాగే 5 అని చెప్పే స్క్రిప్టింగ్ భాష ఒకటుంది. దాని పేరు రాకు. పేరు విని వెనక్కి వెళ్లిపోకండి, ఇది రమ్మనే భాషే.

సీ భాషలో ప్రోగ్రాం రాసి, కంపైల్ చేసి, ఆ తర్వాత నడుపుతాం. స్క్రిప్టింగ్ భాషలో ఆ మధ్య మెట్టు మనకు కనబడదు, రాసింది రాసినట్టు నడిపేయొచ్చు. ఈ కుటుంబంలో పెర్ల్ (1987), పైథాన్ (1991), బ్రెజిల్‌లో పుట్టిన లువా (1993), జావాస్క్రిప్ట్ (1995) పెద్దవాళ్లు. పెర్ల్ సృష్టికర్త లారీ వాల్ దాన్ని మొదటినుంచీ కొత్తగా కడదామని 2000లో ప్రకటించారు. తొలి స్థిరమైన వెర్షన్ 2015 క్రిస్మస్‌కి గానీ రాలేదు. పెర్ల్ 6 అన్న ఆ పేరును 2019లో రాకుగా మార్చారు.

ఇక లెక్కల తేడా ఎందుకో చూద్దాం. యూనికోడ్‌లో 'లా' ఒక్క అక్షరం కాదు. ల ఒక కోడ్, దీర్ఘం ఇంకో కోడ్. 'పు'లో కొమ్ము, 'రం'లో సున్నా కూడా అంతే. అలా మొత్తం 8 కోడ్‌లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, కాబట్టి 24. లువా బైట్లు లెక్కపెట్టింది, పైథాన్ కోడ్‌లు లెక్కపెట్టింది, రాకు అక్షరాలు లెక్కపెట్టింది.

ఇదంతా మనకెందుకు అంటారా? గళ్లనుడికట్టు కోసం ఈ పేరును తిరగేయాలనుకోండి. పైథాన్‌లో మామూలుగా తిరగేస్తే 'ంరుపాలమఅ' వస్తుంది. కొమ్ము ర కిందికి, దీర్ఘం ప మీదికి పోయాయి, సున్నా అనాథగా ముందు నిలబడింది. రాకులో 'ఫ్లిప్' అంటే 'రంపులామఅ' అని శుభ్రంగా వస్తుంది.

అయితే రాకుకీ ఒక పరీక్ష ఉంది: కొత్తపేట. మనకు కొ, త్త, పే, ట నాలుగే. కానీ యూనికోడ్ పాత నియమం ఒత్తును విడదీసి కొ, త్, త, పే, ట అని 5 చూపిస్తుంది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులను కలిపి ఉంచే నియమం 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. మీ కంప్యూటర్‌లో ఉన్న రాకు ఏ నియమం పాటిస్తోందో కొత్తపేట టైప్ చేస్తే తేలిపోతుంది. పద్యానికి గురులఘువులు చూసే ప్రోగ్రాం రాసేవాళ్లు ఇది తప్పక గమనించాలి. ఒత్తు ముందున్న 'కొ' గురువని తెలియాలంటే 'త్త' విడిపోకూడదు కదా!

రాకులో ఇంకో ముచ్చట: 0.1కి 0.2 కలిపితే 0.3కి సమానమేనా అంటే అవునంటుంది. దశాంశాలను భిన్నాలుగా దాచుకుంటుంది మరి. పైథాన్, జావాస్క్రిప్ట్ కాదంటాయి.

మరి పైథాన్ వదిలేయాలా? అక్కర్లేదు. లైబ్రరీలు, ట్యుటోరియల్స్, ప్లేస్‌మెంట్స్ అన్నీ అటువైపే ఉన్నాయి. రాకు మొదలవడం కాస్త నిదానం, వాడేవాళ్లూ తక్కువ. పైథాన్‌లో 'రెజెక్స్' అనే అదనపు లైబ్రరీతో, జావాస్క్రిప్ట్‌లో 'ఇంటల్ సెగ్మెంటర్'తో అక్షరాలుగా విడగొట్టుకోవచ్చు. తేడా ఏంటంటే, అక్కడ మనం గుర్తుపెట్టుకుని అడగాలి, రాకులో అడక్కుండానే జరుగుతుంది. తెలుగు కోసం యాప్ రాసేటప్పుడు ఏ భాష వాడినా ముందు 'ఇది దేన్ని లెక్కపెడుతోంది?' అని అడగండి.

చివరగా మీకో పని. 'రాజోలు' అన్న మాటకి లువా, పైథాన్, రాకు ఏమేం చెబుతాయో ముందు కాగితం మీద లెక్క వేయండి, తర్వాత నడిపి చూడండి. 18, 6, 3 వచ్చాయా? అయితే పాఠం ఒంటబట్టినట్టే.