ఎక్సలేటర్ పట్టేసిందా? ముందు క్లచ్ నొక్కండి

బండి జోరు మీద ఉంది. ఎక్సలేటర్ వదిలారు, రేజు మాత్రం తగ్గలేదు. అలాంటప్పుడు చాలామంది గ్రిప్పును గుంజుతూ తల దించి చూస్తారు. ఆ కాసేపట్లోనే ముందున్న లారీ దగ్గరపడిపోతుంది. చూపు రోడ్డు మీదే ఉంచండి. క్లచ్ నొక్కండి, కుడి బొటనవేలితో ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ కొట్టండి, రెండు బ్రేకులూ వేసి పక్కకు తీయండి. క్లచ్ నొక్కగానే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. అరవనివ్వండి. ఆ అరుపుకి జడిసి క్లచ్ వదిలారో, బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. గేర్లు లేని స్కూటరైతే కిల్ స్విచ్ వాడండి. అది లేకపోతే తాళం తిప్పండి. ఆఫ్ దాకానే తిప్పాలి, హ్యాండిల్ లాక్ దాకా పోనివ్వకూడదు.

ఇంట్లో బండికి స్టాండు వేసి, ఇంజిన్ ఆపి, ఈ వరసను రోజూ కాసేపు సాధన చేయండి. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు. చేతికి అలవాటైన పనే అప్పుడు ఆదుకుంటుంది.

బండి ఆగాక ఇంకో పరీక్ష ఉంది. ఇది బుద్ధికి పెట్టే పరీక్ష. ఎక్సలేటర్ పట్టేసిందనగానే కేబుల్లో నూనె పోసేవాళ్ళున్నారు, చూడకుండానే కార్బొరేటర్ పోయిందని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు దగ్గర ఓ కుర్రాడు బండి నెట్టుకుంటూ వచ్చి, "బాబాయ్, కేబుల్ మార్చెయ్" అన్నాడు. మెకానిక్ స్పానర్ ముట్టుకోలేదు. గ్రిప్పును పూర్తిగా తిప్పి వదిలాడు. టక్కున వెనక్కి రావాల్సింది, ఈడ్చుకుంటూ వచ్చింది. హ్యాండిల్ ఎడమకి కోసి ఓసారి, కుడికి కోసి ఓసారి అలాగే తిప్పి వదిలాడు. తేడా లేదు. "ఎటు తిప్పినా ఒకేలా ఉందంటే కేబుల్ ఎక్కడా నలగట్లేదురా" అన్నాడు. తర్వాత పైన కేబుల్ ఊడదీసి ఉత్త గ్రిప్పును తిప్పి చూశాడు. అప్పుడూ బిగువే.

"బండి పడేశావా ఈ మధ్య?"

కుర్రాడు తలూపాడు. పడ్డప్పుడు గ్రిప్పు రబ్బరు పక్కకు జరిగింది, హ్యాండిల్ చివరి బరువును ఒరుసుకుంటోంది. మెకానిక్ రబ్బరును లోపలికి జరిపి కాస్త సందు ఇచ్చాడు, అంతే. కొత్త కేబుల్ వేసి ఉంటే డబ్బు పోయేది, జబ్బు అలాగే ఉండేది.

ఆయన చేసినదాన్ని గమనించండి. గ్రిప్పు నుంచి ఇంజిన్ దాకా ఉన్న దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ అనుమానితుల జాబితాలోంచి తీసేస్తూ వచ్చాడు. హ్యాండిల్ ఒక పక్కకి కోసినప్పుడే పట్టేస్తే కేబుల్ ఎక్కడో నలుగుతోంది. కొత్త లైటో, ఫోను హోల్డరో బిగించాక మొదలైతే ముందు అక్కడే చూడాలి. గ్రిప్పు బాగుంటే కేబుల్ రెండు కొసలూ విప్పి లోపలి తీగను చేత్తో లాగాలి. గరగరలాడితే దుమ్మో తుప్పో చేరినట్టు. కొసన పోగులు తెగి కనిపిస్తే నూనెతో సరిపెట్టకండి, కేబుల్ మార్చాల్సిందే. తీగ సాఫీగా ఆడితే అప్పుడు కార్బొరేటర్ స్లైడు మీదికో, ఇంజెక్షన్ బండైతే థ్రాటిల్ బాడీ మీదికో వెళ్ళాలి. అక్కడ మడ్డి పేరుకుని ఉండొచ్చు, స్ప్రింగు అలిసిపోయి ఉండొచ్చు.

గ్రిప్పు టక్కున వెనక్కి వస్తున్నా ఇంజిన్ రేజు తగ్గకపోతే జబ్బు వేరు. కార్బొరేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతోందేమో చూడాలి. దానికి కేబుల్లో ఎంత నూనె పోసినా దండగే.

ఫిర్యాదు ఒకటే అయినా కారణాలు వేరుగా ఉండొచ్చనడానికి టయోటా ఉదంతం చాలు. యాక్సిలరేటర్ పైకి రావడం లేదన్న గొడవలో ఆ సంస్థ 2009లో అమెరికాలో లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది. అప్పుడు చెప్పిన కారణం కాళ్ళ కింది మ్యాట్ పెడల్‌కి అడ్డుపడటం. 2010 జనవరిలో దాదాపు 23 లక్షల కార్లకు మరో రీకాల్. ఈసారి పెడల్ లోపలి భాగమే పట్టేస్తోంది, దానికి చిన్న ఉక్కు ముక్క అమర్చారు. మ్యాట్ దొరికింది కదా అని వెతకడం ఆపేసి ఉంటే రెండో కారణం అలాగే మిగిలిపోయేది.

ఇంటి విషయాల్లో మనం ఇంత ఓపిక పడుతున్నామా? పిల్లాడికి మార్కులు తగ్గాయి. ఆ రోజే ఫోను లాగేసుకుంటాం, ట్యూషన్ మారుస్తాం, ఆటలు మాన్పిస్తాం. వచ్చే పరీక్షలో మార్కులు పెరిగినా దేనివల్ల పెరిగాయో తెలియదు, పెరగకపోతే ఇక పిల్లాడే పనికిరానివాడవుతాడు. ఇది అన్యాయం. ముందు వాణ్ణి కూర్చోబెట్టి అడగండి: నిద్ర సరిపోతోందా, బోర్డు మీది అక్షరాలు కనబడుతున్నాయా, ఏ పాఠం దగ్గర ఆగిపోయావు? ఒక్కటి మార్చండి. కొన్నాళ్ళు చూడండి. తేడా లేకపోతే దాన్ని యథాస్థితికి తెచ్చి రెండోది పట్టుకోండి. ఆఫీసులో పని నిలిచిపోయినా ఇదే వరస. "ఎవరు చెడగొట్టారు?" అని మొదలుపెడితే అందరూ దాచుకుంటారు. "ఎక్కడిదాకా బాగానే వచ్చింది?" అని అడిగితే చిక్కు ఎక్కడుందో వాళ్ళే చూపిస్తారు.

ఈ సాయంత్రం ఒక్క పని చేయండి. ఆరుబయట బండికి సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. శబ్దం మారకూడదు. రేజు పెరిగిందంటే కేబుల్ ఎక్కడో లాక్కుంటోంది. ఇంజిన్ ఆపి గ్రిప్పును మెల్లగా తిప్పి చూడండి. కేబుల్ బిగువు తగిలేలోపు కొంచెం వదులు ఉండాలి. చాలా బండ్లకు అది 2 నుంచి 6 మిల్లీమీటర్లు, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఈ రెండింట్లో ఏది తేడాగా ఉన్నా రేపు పనికి బస్సులో వెళ్ళండి, బండిని షెడ్డుకి నెట్టుకెళ్ళండి.