బూడిదతో రోడ్డు



పాలమూరు నుంచి ఎంతోమంది రోడ్డు పనులకు వలస పోతారు. కంకర తట్టలు మోసేవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. ఆ రోడ్డులో బూడిద కూడా వాడవచ్చని మీకు తెలుసా?

ఈ బూడిద ఎక్కడిది?

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2024 డిసెంబరులో అక్కడ ఒక యూనిట్‌ను ప్రారంభించారు. అక్కడ బొగ్గు మండించి కరెంటు తయారు చేస్తారు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. 100 కిలోల బొగ్గు కాలితే సుమారు 30 నుంచి 40 కిలోల బూడిద మిగులుతుంది. అందులో చాలా భాగం పిండి కన్నా మెత్తగా ఉంటుంది. పొగతో పాటు పైకి లేస్తుంది. యంత్రాలు దాన్ని పట్టి ఆపుతాయి. దీన్నే ఫ్లై యాష్ అంటారు.

ఈ బూడిదను కుప్ప పోస్తే గాలికి ఎగురుతుంది. వానకు కొట్టుకపోయి చెరువులో కలుస్తుంది. అందుకే దీన్ని ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వాడాలని 1999లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

రోడ్డుకు ఎట్లా వాడతారు?

ఒకటి: రోడ్డు కింద కట్ట పోయడానికి. బూడిదను తడిపి, పొరలు పొరలుగా పోసి, రోలర్‌తో తొక్కిస్తారు. పక్కలకు, పైన మంచి మట్టి కప్పుతారు. లేకుంటే వానకు కోసుకపోతుంది.

రెండు: డాంబరులో కలపడానికి. రాళ్ల గోడ కట్టేటప్పుడు సందుల్లో చిన్న రాళ్లు, మట్టి కూరుతాం కదా! అట్లనే కంకర సందుల్లో మెత్తని పొడి నిండాలి. సందులుంటే నీళ్లు దిగుతాయి. డాంబరు కంకరను వదులుతుంది. గుంతలు పడతాయి. రాతి పొడికి బదులు ఈ బూడిదను కొంత కలపవచ్చు. కానీ కొలత తప్పొద్దు. పొడి ఎక్కువైతే రోడ్డు పెళుసై పగులుతుంది. మన పొయ్యిలో కట్టెల బూడిద దీనికి పనికిరాదు.

పని చేసేవాళ్లకు జాగ్రత్తలు

పొడి బూడిదను ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు చెడిపోతాయి. బూడిదను తడిపి ఉంచాలి. లారీ మీద టార్పాలిన్ కప్పాలి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. పసిపిల్లలను కుప్పల దగ్గర పడుకోబెట్టొద్దు.

డాంబరు కంకర మసిలే నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది. బూట్లు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి పోవద్దు. ఒంటి మీద పడితే పీకొద్దు, చర్మం ఊడివస్తుంది. చల్లని నీళ్లు చాలాసేపు పోసి దవాఖానకు పోవాలి.

మాస్కులు, బూట్లు ఇవ్వమని మేస్త్రీని అడగండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. అందరూ కలిసి అడగండి. బూడిద రోడ్డులోకి పోవాలి గాని మన రొమ్ములోకి పోవద్దు.

చదివారు కదా! చెప్పండి

1. 100 కిలోల బొగ్గు కాలితే ఎంత బూడిద మిగులుతుంది?
2. కంకర సందుల్లో పొడి నిండకపోతే ఏమవుతుంది?
3. వేడి డాంబరు చేతి మీద పడితే ఏం చేయాలి?
4. మీ ఊరి రోడ్డుకు గుంతలు ఎక్కడ పడ్డాయి? అక్కడ నీళ్లు నిలుస్తున్నాయా? చూసి రాయండి.