అబ్లేషన్ తర్వాత దమ్ము కూడగట్టుకునేదెలా?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు అబ్లేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు మొదట వచ్చే సందేహం, ఇక మామూలుగా నడవొచ్చా అని. నడవొచ్చు, నడవాలి కూడా. నెలల తరబడి ఆయాసంతో కూర్చుండిపోతే గుండెతోపాటు కాళ్ల కండరాలూ సత్తువ కోల్పోతాయి. అబ్లేషన్ గుండె లయను సరిచేస్తుందే గానీ ఆ సత్తువను తిరిగి తేలేదు. దాన్ని మెట్టుమెట్టుగా మనమే కూడగట్టుకోవాలి. ఎవరి గుండె పరిస్థితి వారిది కాబట్టి, ప్రతి మెట్టుకూ ముందు మీ డాక్టరు మాట తీసుకోండి.

ముందుగా, లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలి

ఈ జబ్బులో గుండె పై గదులైన కర్ణికలు సరిగా ముడుచుకోకుండా అదురుతుంటాయి. మామూలుగా కింది గదులైన జఠరికల్లో నిండే రక్తంలో దాదాపు 20 నుంచి 30 శాతం కర్ణికల చివరి తోపుతోనే చేరుతుంది. అది ఆగిపోతే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఈ అదురును రేపే విద్యుత్ సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే సిరల్లో పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యబృందం చూపించింది. అబ్లేషన్‌లో ఆ సిరల మొదళ్ల చుట్టూ మచ్చ ఏర్పరచి సంకేతాలకు దారి మూసేస్తారు.

మొదటి మెట్టు: గజ్జ గాయం మానడం

తొడ దగ్గరి సిర గుండా గొట్టాలు పంపుతారు కాబట్టి మొదటి వారం గజ్జను కాపాడుకోవాలి. నీళ్ల బిందె ఎత్తడం, బండి కిక్ కొట్టడం, గొంతుక్కూర్చోవడం వద్దు. ఇంట్లో నెమ్మదిగా తిరగొచ్చు. గజ్జలో రక్తం కారినా, వాపు పెరిగినా పడుకుని అక్కడ గట్టిగా నొక్కిపట్టించుకుని ఆసుపత్రికి కబురు చెయ్యాలి.

రెండో మెట్టు: తొలి రెండు నెలల ఓపిక

అప్పుడప్పుడూ గుండె దడదడలాడినంత మాత్రాన అబ్లేషన్ విఫలమైనట్టు కాదు. కర్ణిక గోడల వాపు తగ్గి మచ్చ గట్టిపడేదాకా ఇది మామూలే. విశ్రాంతిలో నాడి మునుపటికన్నా కొంచెం వేగంగా ఉండటం కూడా చాలామందిలో కనిపిస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే నరాల ముడులు ఆ సిరల పక్కనే ఉంటాయి, వాటికీ అబ్లేషన్ సెగ తగులుతుంది.

కొన్ని లక్షణాలను మాత్రం ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. జ్వరం, మింగుతుంటే నొప్పి, ఛాతీనొప్పి, మాట తడబడటం, చెయ్యీ కాలూ పడిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి అబ్లేషన్ జరిగిందని చెప్పండి. అరుదుగా కర్ణికకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడుతుంది. అలాంటప్పుడు ఎండోస్కోపీ ప్రాణాంతకం కావొచ్చు. అందుకే అది చేయించే ముందు అబ్లేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడించండి.

మూడో మెట్టు: ఇప్పుడెంత దమ్ముందో కొలవడం

బొటనవేలి మొదలు కింద, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడిని పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే లయ తప్పిన నాడి దొరకదు. డాక్టరు సరేనన్నాక ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకోండి. 30 మీటర్ల చదునైన వసారాలో అటూ ఇటూ నడిపించి ఎంత దూరం వెళ్లారో కొలుస్తారు. ఆ అంకె రాసిపెట్టుకోండి.

నాలుగో మెట్టు: నడక పెంచడం

పూటకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారం వారం ఐదేసి నిమిషాలు పెంచుతూ వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిచేదాకా వెళ్లండి. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి వాచీలో కనిపించే గుండె వేగాన్ని బట్టి శ్రమ ఎంతో తెలియదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అదే సరైన వేగం. దడ మొదలైతే ఆగి కూర్చోండి. తగ్గకపోతే అది ఉండగానే ఈసీజీ తీయించుకోండి.

ఈ శ్రమ వృథా పోదు. డెన్మార్క్‌లో అబ్లేషన్ అయిన 210 మందిపై జరిగిన కోపెన్‌హార్ట్ అనే అధ్యయనంలో, 12 వారాల వ్యాయామ శిక్షణ పొందినవారు నాలుగో నెలకు నిమిషానికి కిలో బరువుకు 24.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలిగారు. శిక్షణ లేనివారు 20.7 దగ్గరే ఉన్నారు. అబ్లేషన్ రెండు బృందాలకూ జరిగింది, తేడా తెచ్చింది ఆ శిక్షణే.

ఐదో మెట్టు: గుండె పనితీరు చూసుకోవడం

గుండె బలహీనపడి ఉన్నవారికి ఆరునెలల ఎకో ముఖ్యం. ఆస్ట్రేలియాలో జరిగి 2017లో వెలువడిన కెమెరా ఎంఆర్ఐ అనే అధ్యయనంలో, వేరే కారణం దొరకని గుండె బలహీనత ఉన్నవారిని అబ్లేషన్ తర్వాత ఆరు నెలలకు చూస్తే, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే రక్తం శాతం) సగటున 18 పాయింట్లు పెరిగింది. మందులతో వేగాన్ని మాత్రమే అదుపు చేసినవారిలో 4.4 పాయింట్లే పెరిగింది. గుండె కండరంలో ముందే మచ్చలు లేనివారు ఎక్కువగా కోలుకున్నారు. అందుకే మచ్చలు పడేదాకా ఏళ్లు గడిపేయకుండా ముందే చికిత్సకు వెళ్లడం మేలు.

ఆరో మెట్టు: లయను నిలుపుకోవడం

బరువు, బీపీ, షుగర్, గురకతో ఊపిరి ఆగే నిద్రజబ్బు, మద్యం, వీటిలో దేన్ని వదిలేసినా జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రను కనీసం రెండు నెలలు అందరూ వాడాలి. ఆ తర్వాత వాడాలా వద్దా అన్నది పక్షవాతం ముప్పును బట్టి డాక్టరు నిర్ణయించాలి. దడ లేదు కదా అని సొంతంగా ఆపేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా ఎలాగూ ఉంటుంది. ఏ వారం ఎంత నడవాలో, ఎప్పటినుంచి బరువులెత్తాలో కూడా అందులోనే రాసిమ్మని అడగండి. మొహమాటపడొద్దు, అదీ చికిత్సలో భాగమే.