దొరగారి ‘తొలిరాత్రి హక్కు’: నిజమెంత?

పూర్వం రైతు ఇంట పెళ్ళి జరిగితే పెళ్ళికూతురు మొదటి రాత్రి ప్రభువు దగ్గర గడపవలసిందేననీ, అది ఆయన హక్కు అనీ నవలల్లో చదువుతూ ఉంటాం, సినిమాల్లో చూస్తూ ఉంటాం. ఇది వాస్తవమా, కట్టుకథా? మనం సైన్సు విద్యార్థులం గనుక ఆవేశం కాస్త పక్కనపెట్టి, రుజువులేమిటో చూద్దాం.

ముందుగా ఐరోపా సంగతి. బోమార్షే రాసిన ‘ఫిగారో పెళ్ళి’ నాటకం 1784లో పారిస్‌లో ప్రదర్శింపబడి ఈ మాటకు బాగా ప్రచారం తెచ్చింది. అయితే 1881లో జర్మన్ పండితుడు కార్ల్ ష్మిట్, 1995లో ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ బూరో పాత పత్రాలు గాలించి, ఇటువంటి చట్టబద్ధమైన హక్కు ఉండేదనడానికి ఆధారం లేదని తేల్చారు. ఇంగ్లండులో ఉన్నది ‘మర్చెట్’ అనే రుసుము. స్వేచ్ఛలేని రైతు తన కూతురి పెళ్ళికి ప్రభువుకు ఆ సొమ్ము చెల్లించేవాడు. స్పెయిన్‌లోని కాటలోనియా రైతుల తగవులో 1486లో ఫెర్డినాండ్ రాజు ఇచ్చిన తీర్పు మాత్రం, ప్రభువులు రైతు భార్యతో తొలిరాత్రి గడపరాదని స్పష్టంగా చెప్పింది. నిషేధం ఉన్నంత మాత్రాన హక్కు ఉండేదని రుజువు కాదు. కాని రైతుల గుండెల్లో ఆ భయం ఉండేదని మాత్రం తెలుస్తుంది.

ఇక మన తెలుగుగడ్డకు వద్దాం. నిజాం కాలపు తెలంగాణాలో ‘ఆడబాప’ అనే ఆచారం ఉండేది. దొర కూతురికి పెళ్ళయితే పేదింటి ఆడపిల్లను కూడా అత్తవారింటికి పంపేవారు. ఆ పిల్ల ఇంటెడు చాకిరీ చెయ్యాలి, ఆ ఇంటి మగవాళ్ళ కోరికకూ లొంగాలి. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువడిన తమ తెలంగాణా పోరాట గ్రంథంలో, వెట్టి రూపాలన్నిటిలోకి ఇదే హీనమైనదని రాశారు.

దీనికి చట్టం ఏదని అడిగితే ఏం చూపిస్తాం? ఏమీ లేదు. ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ కిందే 40,000 ఎకరాలుండేవి. ఊరి అధికారమంతా గడీలోనే ఉంటే ఆ పిల్ల ఫిర్యాదు ఎవరు రాసుకుంటారు? ఎదురు తిరిగినవాళ్ళకు దొరికిన జవాబు తుపాకి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అలాగే నేలకొరిగాడు.

మా మార్టూరు వైపు పత్తి, మిరప చేలు ఎన్నో నోటిమాట కౌలు మీదే సాగుతాయి. కాగితం లేదు కదా అని ఆ చేలో పంట పండలేదంటామా?

కాబట్టి ‘హక్కు’ అన్న మాటను ఆచితూచి వాడాలి. హక్కంటే చట్టం చూపమంటారు. చూపలేకపోతే ఆడబాప గోడు కూడా కట్టుకథే అంటారు. ఐరోపా విషయంలో తేలిన ఫలితాన్ని తెచ్చి తెలంగాణాకు అంటగట్టడం శాస్త్రీయం కాదు. కాగితం దొరకనిచోట మనిషి మాటను వినాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణా పోరాట స్త్రీల నోటిమాటలను గ్రంథస్థం చేసింది ఇందుకే.

మిత్రులారా! దొరకు హక్కు ఉండేదా అన్న ప్రశ్న కంటే, కాదనగలిగే వీలు ఆ పిల్లకు ఉండేదా అన్న ప్రశ్నే పెద్దది. మన ఊళ్ళలోని ముసలమ్మలను ఆ ప్రశ్న అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెడదాం.