అడగడానికి మొహమాటమెందుకు?

గ్రూపులో ప్రశ్న టైపు చేస్తావు. ఒకటికి రెండుసార్లు చదువుకుంటావు. ‘ఇంత చిన్న విషయం కూడా తెలీదా అనుకుంటారేమో’ అని మొత్తం చెరిపేసి, ఫోను పక్కన పడేస్తావు. అవునా కాదా? అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న అమ్మాయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరదామని ఇంట్లో కూర్చుని పైథాన్ నేర్చుకుంటున్న అక్కయ్య, డల్లాస్‌లో కొత్త టీములో చేరిన చెల్లాయి... మనందరిదీ ఇదే బెంగ. కోడు రాకపోవడం కంటే ఈ మొహమాటమే మనల్ని ఎక్కువ ఏడిపిస్తుంది. రా, ఇలా కూర్చో. టీ తాగుతూ ఈ సంగతేదో తేల్చేద్దాం.

ముందు ఒక కబురు చెప్తాను విను. 1991 జూలై 3న ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళ చర్చా బృందంలో ఒక ప్రశ్న పెట్టాడు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఉండాలో చెప్పే పోసిక్స్ ప్రమాణాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్తారా, కంప్యూటర్లో చదువుకునేలా ఉంటే మరీ మంచిది అని. అంతే, ఇంతా చేసి ‘ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందండీ’ అనే ప్రశ్న. ఆగస్టు 25న అదే బృందంలో మళ్ళీ రాశాడు, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నాను, మీకేం కావాలో చెప్పండి అని. ఆ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్. ఆ చేసింది లినక్స్. నీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనయితే దాని లోపల నడుస్తున్నదీ ఆ లినక్సే. అంతటివాడు కూడా తెలియని నలుగురి ముందు అడిగే మొదలుపెట్టాడు. మరి మనకెందుకమ్మా సిగ్గు?

‘అడుగుదునే గానీ నా ఇంగ్లీషు చూసి నవ్వుతారు’ అంటావు. ఆ భయం నాకు తెలుసు. కానీ ఆ గ్రూపుల్లో జవాబులు చెప్పేవాళ్ళు వియత్నాంలో ఉంటారు, బ్రెజిల్‌లో ఉంటారు, పోలండ్‌లో ఉంటారు. వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన భాష కాదు, మనలాగే నేర్చుకున్నదే. వాళ్ళు చూసేది నీ వ్యాకరణం కాదు, నీ స్క్రీన్ మీద ఏం జరుగుతోందన్నది. చిన్న చిన్న వాక్యాలు రాయి. ‘ఇది చేశాను, ఇలా రావాలి, ఇలా వచ్చింది’ అంటే చాలు. తెలుగులోనే అడగాలని ఉంటే అందుకూ చోట్లున్నాయి. తెలుగు వికీపీడియాలో రాయడానికి వచ్చినవాళ్ళకి సహాయ కేంద్రం అని ఒక పేజీయే ఉంది. నలుగురూ చేరి మాట్లాడుకోవడానికి రచ్చబండ కూడా ఉంది. ఆ పేరు వింటేనే సగం బెరుకు పోతుంది కదూ!

సరే, అడుగుదామని ధైర్యం చేశావు. ఏం రాస్తావు? ‘హాయ్, ఎవరైనా ఉన్నారా? ఎక్సెల్ తెలిసినవాళ్ళు ఉన్నారా?’ అని రాసి ఎదురు చూస్తావు. ఎవరూ పలకరు. నీ మనసు చివుక్కుమంటుంది. వాళ్ళు పలకకపోవడానికి కారణం నువ్వు కాదు తల్లీ. ‘నాకు ఎక్సెల్ తెలుసు’ అని ఒప్పుకున్నాక నువ్వేం అడుగుతావో, అది తమకి వచ్చో రాదో తెలీక ఊరుకుంటారు. అడగొచ్చా అని అడక్కు, అసలు ప్రశ్నే మొదటి మెసేజ్‌లో పెట్టెయ్. పలకరింపు కూడా అందులోనే చేర్చు.

ఇంకోటి. ఆది జాకెట్టు లేకుండా టైలర్ దగ్గరికెళ్ళి ‘బాగా కుట్టు’ అంటే ఎంత మంచి టైలరైనా ఏం చేస్తాడు చెప్పు? ప్రశ్నతోపాటు కొలతలు కూడా పంపాలి. ఏ విండోస్, ఏ వెర్షన్, ఏం చేశావు, ఏమొచ్చింది, ఇప్పటిదాకా ఏమేం చూశావు. విండోస్ ఏదో తెలీకపోతే విండోస్ మీట నొక్కి పట్టుకుని ‘ఆర్’ నొక్కు, వచ్చిన గడిలో ‘విన్‌వర్’ అని ఇంగ్లీషులో కొట్టు, తనే చెప్తుంది.

ఇది సరిగ్గా అర్థం కావాలంటే మన తెలుగువాళ్ళకి తరచూ వచ్చే తంటానే తీసుకుందాం. ఏదో ఆన్‌లైన్ ఫారం నుంచి పేర్ల జాబితా సీఎస్‌వీ ఫైలుగా దించుకున్నాం. పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. ఎక్సెల్‌లో తెరిస్తే అంతా గందరగోళం. కంగారులో ఏం రాస్తాం? ‘ఎక్సెల్‌లో తెలుగు రావట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్.’ ఇక చూడు. ఒకరు ఫాంటు వేసుకోమంటారు. ఒకరు అను ఫాంట్లా యూనికోడా అని అడుగుతారు. ఇంకొకరు ఆఫీసు మొత్తం తీసేసి మళ్ళీ వేయమంటారు. అందరూ మంచి మనసుతోనే చెప్తారు, కానీ ఏదీ మనకి పనికిరాదు. సాయంత్రమైపోతుంది.

అదే ఇలా రాశామనుకో: ‘విండోస్ 11, ఎక్సెల్ 2019. ఆన్‌లైన్ ఫారం నుంచి దించిన సీఎస్‌వీ ఫైలు. డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు ఉండాల్సిన చోట నెత్తిన గీతున్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని వెనక ఏవో గుర్తులు, మళ్ళీ అదే ఏ, ఇలా వరసగా వస్తున్నాయి. అదే ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు బాగానే ఉంది. ఫాంటు మార్చి చూశాను, తేడా లేదు. పేర్లు మార్చి రెండు వరసల నమూనా ఫైలు జతచేశాను.’

ఇందులో ‘నోట్‌ప్యాడ్‌లో బాగానే ఉంది’ అన్న ఒక్క ముక్క చాలు, తెలిసినవాళ్ళకి సగం జవాబు దొరికిపోతుంది. ఫైలు చెడలేదు, ఫాంటు తప్పు కాదు, ఎక్సెల్ దాన్ని చదివే పద్ధతే తేడా అని అర్థమవుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో మన తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరే గుర్తులనుకుని చూపిస్తోంది. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి ఆ గీత ఏ మాటిమాటికీ కనబడుతోంది. మందు కూడా చిన్నదే. ఫైలు డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబులో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైలు ఎంచుకుని, ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టి లోడ్ చేయడమే. అదే ఏ బదులు వట్టి ప్రశ్నార్థకాలే వరసగా ఉంటే, నోట్‌ప్యాడ్‌లోనూ అవే కనిపిస్తే, సంగతి వేరు. ఆ ఫైలు సేవ్ అయినప్పుడే అక్షరాలు పోయాయన్నమాట, మళ్ళీ దించుకోవాల్సిందే. చూశావా, ‘పిచ్చి గుర్తులు వస్తున్నాయి’ అంటే సరిపోదని ఎందుకంటున్నానో! ఏం కనిపిస్తోందో అదే రాయాలి.

అందుకే, మానిటర్‌ని ఫోనుతో వంకరగా ఫోటో తీసి పెట్టకు. ఎర్రర్ మెసేజ్‌ని కాపీ చేసి అక్షరాలుగా పేస్ట్ చెయ్. అప్పుడు వాళ్ళు దాన్ని వెతుక్కోగలరు, నీ కోడు తమ దగ్గర నడిపి చూడగలరు. పైథాన్ ఎర్రరైతే అసలు కబురు ఆఖరి వరసలో ఉంటుంది, దారి పై వరసల్లో ఉంటుంది. అందుకని మొత్తం పెట్టు. కోడు మాత్రం ఐదు వందల వరసలూ కుమ్మరించకు. తప్పు వచ్చేంత మేరకే ఉంచి మిగతాది కోసెయ్. అలా కోస్తూ కోస్తూ ఉండగానే చాలాసార్లు తప్పు మనకే దొరికిపోతుంది. అప్పుడిక అడగక్కర్లేదు కూడా.

ఎక్కడ ఆగిపోయావో చెప్పడంతోపాటు అసలు నీకేం కావాలో కూడా చెప్పు. ‘ఫైలు పేర్లో చివరి మూడక్షరాలు ఎలా తీయాలి’ అని అడిగితే ఎలా తీయాలో చెప్పి ఊరుకుంటారు. నీకు కావాల్సింది అది ఏ రకం ఫైలో కనుక్కోవడం. ఎక్సెల్ ఫైళ్ళకి చివర నాలుగక్షరాలు ఉండొచ్చు, అప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. మొదటే అసలు పని చెప్పి ఉంటే ఇంకా తేలిక దారి చూపించేవాళ్ళు.

ఇప్పుడు మనసుకి తగిలే విషయానికొద్దాం. అడిగావు. ఎవరో పుల్లవిరుపుగా జవాబిచ్చారు, ‘ముందు గూగుల్ చేసుకో’ అని. రెండ్రోజులు అన్నం సయించలేదు. ఇది నీ ఒక్కదానికే జరిగిందనుకోకు. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. పదేళ్ళు తిరగకముందే, 2018 ఏప్రిల్‌లో, కొత్తవాళ్ళకీ ఆడవాళ్ళకీ తమ చోటు ఆదరంగా లేదని వాళ్ళే బాహాటంగా రాసుకున్నారు, మారాలని చెప్పుకున్నారు. అంత పెద్దవాళ్ళే ఒప్పుకున్నాక, ఆ మాటని ‘నాకు చేతకాదు’ అని నీ మీద వేసుకోవడం దేనికి? ఆ జవాబులో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే తీసుకో. ఒక కమాండ్ పేరో, ఒక లింకో. మిగతాది వదిలెయ్. తిరిగి ఒక్క మాట కూడా అనకు.

‘ఇది ముందే అడిగారు’ అని నీ ప్రశ్న మూసేస్తే అది కూడా శిక్ష కాదు. జవాబు ఫలానా చోట ఉందని దారి చూపడం. వెళ్ళి చదువు. నీ సమస్య దానికంటే తేడాగా ఉంటే, ఏది తేడానో రాసి ప్రశ్నని సవరించు. అప్పటికీ ఆ చోట ఊపిరాడకపోతే చోటు మార్చు. పైథాన్ నేర్చుకునే ఆడవాళ్ళ కోసం 2011లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన పైలేడీస్ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అంతకుముందే లినక్స్ వాడే ఆడవాళ్ళు లినక్స్‌చిక్స్ అని ఒక బృందం పెట్టుకున్నారు. వాళ్ళ నియమాలు రెండే రెండు: మర్యాదగా ఉండు, సాయపడు. నాకైతే ఏ గ్రూపుకైనా ఈ రెండూ చాలనిపిస్తుంది.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు. గ్రూపులో ప్రశ్న పెట్టగానే ‘మేడం, నంబరివ్వండి, ఈ యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ నేనే చూసి సరిచేస్తా’ అని ఎవరైనా విడిగా మెసేజ్ పెడితే, వద్దు. ముఖం తెలియని మనిషికి మన కంప్యూటర్ తాళం ఇవ్వం. ‘ఇక్కడే చెప్పండి, అందరికీ పనికొస్తుంది’ అని రాయి. మంచివాళ్ళయితే అక్కడే చెప్తారు. ఓటీపీ మాట ఎత్తితే వెంటనే బ్లాక్ చెయ్. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకు, మన దేశంలో అయితే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్. స్క్రీన్‌షాట్‌లో ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయేమో పంపే ముందు చూసుకో. కోడులో పాస్‌వర్డో, ఏపీఐ కీయో ఉంటే తీసేసి పెట్టు. పొరపాటున పెట్టేశావా? మెసేజ్ డిలీట్ చేస్తే చాలదు, ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఆఫీసు కోడు మాత్రం ఎంత చిన్నదైనా బయట గ్రూపుల్లో పెట్టొద్దు. అదే తప్పు వచ్చే చిన్న నమూనా సొంతంగా రాసి పెట్టు.

ప్రశ్న పెట్టాక పది నిమిషాలకోసారి ‘ఎనీ అప్‌డేట్?’ అని అడక్కు. మనకి పట్టపగలైతే జవాబు తెలిసినామెకి అర్ధరాత్రి కావచ్చు. వాళ్ళకి ఎవరూ జీతమివ్వట్లేదు. పిల్లల్ని పడుకోబెట్టి, వంటిల్లు సర్దుకుని వచ్చి రాసేవాళ్ళు కూడా ఉంటారు. ఒక రోజు ఆగు. ఆ తర్వాత కూడా జవాబు రాకపోతే, ఈలోగా నువ్వు చూసిన కొత్త సంగతి ఏదైనా చేర్చి మళ్ళీ గుర్తుచెయ్. నాలుగు చోట్ల అడిగితే నాలుగు చోట్ల అడిగానని చెప్పు. ఒకచోట తేలిపోయిన దానిమీద ఇంకొకరు రాత్రి మేలుకోకూడదు కదా.

ఇప్పుడు చాట్‌జీపీటీ ఉందిగా, మనుషుల్నెందుకు అడగాలి అంటావేమో. అడుగు, తప్పు లేదు. మొహమాటం ఉన్నవాళ్ళకి అది మంచి మొదటి మెట్టే. కానీ అది చెప్పింది నడిపి చూడకుండా నమ్మకు. 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ళు చాట్‌జీపీటీతో రాయించిన జవాబులు పెట్టొద్దన్నారు. చూడ్డానికి సరిగ్గానే ఉండి, లోపల తప్పులుంటున్నాయని. గ్రూపులో అడిగేటప్పుడు ‘అది ఇలా చెప్పింది, చేస్తే ఇలా అయింది’ అని కూడా రాయి, వాళ్ళకి పని తగ్గుతుంది.

పని అయిపోయాక చాలామంది చేయనిది ఒకటుంది. అది మాత్రం నువ్వు తప్పకుండా చెయ్. తిరిగి వెళ్ళి, ఏం చేస్తే బాగైందో రాయి. ‘థాంక్స్, సాల్వ్ అయింది’ అని ఆపెయ్యకు. ఏడాది తర్వాత ఇదే ఇబ్బందితో ఎవరో అమ్మాయి వెతుక్కుంటూ ఆ పేజీకి వస్తుంది. అక్కడ ప్రశ్న ఒక్కటే కనిపిస్తే ఎంత ఉసూరుమంటుందో ఆలోచించు. రెండు వాక్యాలు రాయడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ తర్వాత గ్రూపు వదిలి వెళ్ళిపోకు, ఉండు. నీకంటే వెనక వచ్చినవాళ్ళు నీకు తెలిసినదే అడుగుతారు. ‘నాకంటే తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా’ అని ఊరుకోకు. వాళ్ళు ఆ పూట తీరిగ్గా ఉండకపోవచ్చు. ‘డేటా ట్యాబులోంచి తెరిచి చూడమ్మా, నాకు అలాగే వచ్చింది’ అని నువ్వే రాసెయ్.