ఎవరి రిషభమో అడుగు, చెల్లీ

చెల్లీ, తొమ్మిదో తరగతిలో సంగీతం సబ్జెక్టుగా తీసుకున్న నీ కూతురి గురించి బెంగపడుతూ రాశావు. "లెక్కలకంటే ఇదే బరువైపోయిందక్కా" అన్నావు. కోల్‌కతాలో పెరిగే మన తెలుగు పిల్లలకి ఆ బరువు నిజంగానే ఎక్కువమ్మా. లేక్ మార్కెట్ వైపు ఏ టీచరుగారి దగ్గరో సరళీ స్వరాలతో మొదలవుతుంది. బడిలో చేతికిచ్చే పుస్తకం హిందుస్తానీ సంగీతానిది. పక్క ఫ్లాట్‌లో పిల్లలు రవీంద్ర సంగీతం సాధన చేస్తుంటారు. శనివారం వస్తే కీబోర్డు క్లాసు. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ రెండింట్లోనూ కర్ణాటక సంగీతం, హిందుస్తానీ సంగీతం వేర్వేరుగా తీసుకునే వీలుంది. కానీ బడిలో ఏ టీచరుంటే ఆ పాఠమే కదా పిల్లకి దక్కేది!

దాంతో పిల్ల ఏం చేస్తోంది? "నాదమనగా, శ్రుతి యనగా" అంటూ రాత్రి పొద్దుపోయేదాకా బట్టీ పడుతోంది. ఆ బట్టీ ముందు మాన్పించు. నేను చెప్పేది ఒక్కటే. సంగీతంలో ఏ పదమైనా ముందు చెవికి తెలియాలి, చేతికి తెలియాలి, ఆ తర్వాతే నోట్‌బుక్కులోకి ఎక్కాలి. రెండు మార్కుల ప్రశ్నకైనా సరే, పాడి తెలుసుకున్న పిల్ల రాసే జవాబే నిలుస్తుంది.

ముందు ఆ "రి" సంగతి తేల్చుకుందాం. బడిలో శుద్ధ రిషభం పాడమంటే పాడిందనీ, తప్పన్నారనీ, ఇంటికొచ్చి ఏడ్చిందనీ రాశావే, అక్కడ పిల్ల తప్పేమీ లేదు. కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి చూపించు. తెల్ల మెట్టు సి దగ్గర "స" అనుకో. దాని పక్కనే ఉన్న నల్ల మెట్టు మనకి శుద్ధ రిషభం. అదే మెట్టుని హిందుస్తానీలో కోమల్ రే అంటారు. దాని తర్వాతి తెల్ల మెట్టు మనకి చతుశ్రుతి రిషభం, వాళ్ళకి శుద్ధ్ రే. అంటే శుద్ధ అనే ఒకే పేరుతో రెండు సంప్రదాయాలూ రెండు వేరు మెట్లని పిలుస్తున్నాయి. మన లెక్కలో శుద్ధ రిషభం అంటే అన్నిటికంటే కింద ఉండే రిషభం. వాళ్ళ లెక్కలో శుద్ధ్ అంటే దించకుండా, పెంచకుండా బిలావల్ అనే స్వరాల వరసలో వచ్చే స్వరం. పైగా మన పిల్లలు తొలిపాఠం మాయామాళవగౌళలో నేర్చుకుంటారు. అందులో వచ్చేది ఆ కింది "రి"యే. హిందుస్తానీలో మొదలుపెట్టే పిల్లలకి ఎక్కువగా బిలావలే తొలిపాఠం. ఏళ్ళ తరబడి ఒక "రి" మీద గొంతు కుదిరిన పిల్లని ఇంకో "రి" అడిగితే తికమకపడదూ?

మిగతావి కూడా ఆ మెట్ల మీదే చూపించేయి. మన సాధారణ గాంధారం వాళ్ళకి కోమల్ గ, మన అంతర గాంధారం వాళ్ళకి శుద్ధ్ గ. మధ్యమం దగ్గర మాత్రం హాయి, శుద్ధ మధ్యమం ఇద్దరికీ ఒక్కటే. మన ప్రతి మధ్యమాన్ని హిందుస్తానీలో తీవ్ర మ అంటారు, బెంగాలీలు కడి మ అంటారు. ఈ ఊళ్ళో కడి, కోమల్ ఎంత ఇంటిమాటలంటే రవీంద్రనాథ్ ఠాగూర్ 1886లో వేసిన కవితల పుస్తకానికి పేరే "కడి ఓ కోమల్".

ఇంకొక చిక్కుంది. మన పద్ధతిలో స్వరస్థానాలు 12, పేర్లు మాత్రం 16. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండూ ఒకే మెట్టు మీద ఉంటాయి. ఒకే మెట్టుకి రెండు పేర్లెందుకని పిల్ల అడిగితే కసురుకోకు, అది చాలా మంచి ప్రశ్న. 17వ శతాబ్దంలో వేంకటమఖి "చతుర్దండి ప్రకాశిక"లో కట్టిన 72 మేళాల లెక్క ఆ రెండు పేర్ల మీదే నిలబడింది. హిందుస్తానీ వైపు విష్ణు నారాయణ భాత్‌ఖండే రాగాలన్నిటినీ 10 థాట్‌ల కింద సర్దారు. బడి పుస్తకంలో ఉండేది ఆ 10. రాగాల పేర్లూ అంతే. మన కల్యాణి వాళ్ళ యమన్. మన మోహనం వాళ్ళ భూపాలి, మన హిందోళం వాళ్ళ మాల్కౌన్స్. ఇవి బాగానే కుదురుతాయి. తోడి దగ్గర మాత్రం పిల్ల జాగ్రత్తగా ఉండాలి. మన తోడి స్వరాలు హిందుస్తానీ భైరవివి. వాళ్ళ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి.

ఇక శ్రుతి. "మీరు ఏ స్కేల్‌లో పాడతారు?" అని కోల్‌కతాలో అడిగితే, నీ షడ్జం ఎక్కడ పెట్టుకుంటావని అర్థం. కీబోర్డు టీచరు స్కేల్ అంటే వరసగా ఎక్కి దిగే స్వరాల మెట్లు, మన ఆరోహణ, అవరోహణలాంటివి. పిల్లకి ఈ తేడా ఎవరూ చెప్పరు, నువ్వే చెప్పాలి. మనం ఒకటిన్నర శ్రుతి అనేదీ, హార్మోనియం వాళ్ళు కాలీ ఏక్ అనేదీ, కీబోర్డు వాళ్ళు సి షార్ప్ అనేదీ ఒకటే మెట్టు. మన "స" ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళు పెట్టుకునేది. పాశ్చాత్య సంగీతంలో ఎ అనే స్వరానికి సెకనుకి 440 కంపనాలని స్థిరంగా పెట్టుకున్నారు. దానికి రెట్టింపు, 880 దగ్గర, మళ్ళీ అదే ఎ పై స్థాయిలో వినిపిస్తుంది. స్థాయి అన్న పదానికి ఇంతకంటే తేటగా వివరణ నాకు తెలీదు.

ఇప్పుడు ఈ పదాలన్నీ పిల్ల పాడుతూ నేర్చుకోవడానికి ఒక పాట కావాలి కదా. కొత్తదేమీ వెతక్కు. మన జాతీయ గీతం తీసుకో. 1911 డిసెంబర్ 27న కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి పాడింది ఈ కోల్‌కతాలోనే. 1919లో ఠాగూర్ మన మదనపల్లెకి వచ్చి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకి స్వరలిపి రాసింది. పాశ్చాత్య సంగీతం శాస్త్రోక్తంగా చదువుకున్న మనిషి ఆవిడ. పాట ఇంగ్లీషు అనువాదాన్ని కూడా ఠాగూర్ అక్కడే రాశారు. కోల్‌కతాలో పెరుగుతున్న తెలుగు పిల్లకి ఇంతకంటే దగ్గరి పాట ఏముంటుంది చెప్పు!

నింపాదిగా, మాటలు లేకుండా స్వరాలతో పాడించు. మొదటి పాదం షడ్జం దగ్గర బయల్దేరి, రిషభం మీదుగా గాంధారానికి ఎక్కి అక్కడ నిలబడుతుంది. ఆ పాదం ముగిసేలోపే ఒకసారి షడ్జం కిందికి, నిషాదానికి దిగి వస్తుంది. అది మంద్రస్థాయి. ప్రాంతాల పేర్లు వచ్చేచోట పంచమం మీద నిలుస్తుంది. అక్కడే ప్రతి మధ్యమాన్ని ఒక్కసారి తాకి, ఆ తర్వాత శుద్ధ మధ్యమానికి దిగుతుంది. పాటంతా బిలావల్, అంటే మన శంకరాభరణం స్వరాల్లో నడుస్తుంటే ఆ ఒక్క స్వరం బయటినుంచి వచ్చింది. అన్య స్వరం అని పుస్తకంలో ఉండేది ఇదే. చివర్లో జయఘోష మూడుసార్లు వస్తుంది. మొదటిది తారస్థాయి షడ్జానికి ఎక్కుతుంది, తర్వాతివి ఒక్కో మెట్టూ దిగుతాయి. ఆఖరి ముక్క మళ్ళీ మధ్యస్థాయి షడ్జం నుంచి ఎక్కి మధ్యమం మీద ఆగుతుంది. చూశావా, ఒక నిమిషం కూడా పట్టని పాటలో మూడు స్థాయులూ, ఆరోహణా, అవరోహణా, రెండు మధ్యమాలూ వచ్చేశాయి.

తాళం కూడా దానిమీదే పట్టు. నాలుగేసి లెక్కన చేత్తో వేస్తే సరిపోతుంది. తర్వాత ఆది తాళానికి రా. ఒక దెబ్బ, చిటికెన వేలినుంచి మూడు వేళ్ళు కలిపి లఘువు. దెబ్బ, విసురు కలిపి ద్రుతం, అలాంటివి రెండు. మొత్తం 8 అక్షరాలు, అది ఒక ఆవర్తనం. బడిలో చెప్పే తీన్‌తాల్‌కి 16 మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు భాగాలు. ఒకటో మాత్ర సమ్. ఒకటి, అయిదు, పదమూడుల మీద చప్పట్లు. తొమ్మిది దగ్గర చెయ్యి విసిరేది ఖాలీ. మన ద్రుతంలో విసురునీ ఈ ఖాలీనీ పిల్లలు ఒకటే అనుకుంటారు. మన విసురు లెక్కకోసం. ఖాలీ దగ్గర తబలా బరువు తగ్గిపోతుంది, పాడేవాళ్ళకి సమ్ దగ్గరపడుతోందని ఆ తేలికే చెబుతుంది. తబలా రికార్డు పెట్టి రెండుసార్లు వినిపిస్తే చాలు, దాని కింద వివరణ రాయక్కర్లేదు. ఠాగూర్ అయితే ఉన్న తాళాలు చాలక 5 మాత్రల ఝంపక్, 9 మాత్రల నవతాల్, 11 మాత్రల ఏకాదశి లాంటివి కూడా కట్టుకున్నారు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు వీటిని వదలరు.

లయకీ కాలానికీ తేడా అడిగావు. తాళం వేసే చెయ్యి అదే వేగంతో ఉంచి, స్వరాలు మాత్రం రెట్టింపు పాడితే రెండో కాలం. హిందుస్తానీలో దాన్నే దుగున్ అంటారు. చెయ్యి వేగమే మారిపోతే లయ మారింది. చేసి చూపిస్తే నిమిషం పని.

పాట భాగాల గురించి ఎక్కువ చెప్పను. మనకి పల్లవి, అనుపల్లవి, చరణం. ధ్రుపద్ నుంచి వచ్చి రవీంద్ర సంగీతంలో కనిపించేవి స్థాయి, అంతరా, సంచారి, ఆభోగ్. ఈ స్థాయి వేరు, ఇందాకటి మంద్ర, మధ్య, తార స్థాయులు వేరు.

స్వరలిపి గురించి మాత్రం కాస్త ఓపిగ్గా విను, ఎందుకంటే దీనిమీద ఈ ఊళ్ళో పెద్ద వాదమే జరిగింది. పాథురియాఘాటాకి చెందిన శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1871లో ఇక్కడ బంగ సంగీత విద్యాలయం పెట్టారు. గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చోలేని పిల్లలకి తరగతి గదిలో, పుస్తకంతో సంగీతం చెప్పాలన్నది ఆయన పట్టుదల. ఆయన గురువు క్షేత్రమోహన్ గోస్వామి అప్పటికే 1869లో "సంగీతసార్" రాశారు. మాత్రలని నిలువు గీతలతో చూపించే దండమాత్రిక పద్ధతి ఆయనది. 1874లో బడుల ఇన్‌స్పెక్టరు చార్లెస్ బేరన్ క్లార్క్, ఈ గుర్తులు కాదు, ఐరోపావాళ్ళ అయిదు గీతల పద్ధతే కావాలని వ్యాసం రాశాడు. మన సంగీతానికి మన గుర్తులే తగినవని శౌరీంద్రమోహన్ గట్టిగా జవాబిచ్చారు. నన్నడిగితే శౌరీంద్రమోహన్‌దే న్యాయం. చదవడం వచ్చిన ప్రతి పిల్లకీ సొంత లిపిలో స్వరం రాసుకోవడం వీలవుతుంది.

తర్వాత జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్ స్థిరపరచిన ఆకారమాత్రిక పద్ధతి ఇక్కడ నిలిచింది. రవీంద్ర సంగీతం "స్వరబితాన్" సంపుటాలు 60కి పైగా అందులోనే ఉన్నాయి. స్వరం పక్కన ఆకారపు గుర్తు ఒకటి పెడితే ఒక మాత్ర. కోమల్ రే కి ఋ, కోమల్ గ కి జ్ఞ, కోమల్ ధ కి ద, కోమల్ ని కి ణ. ఈ నాలుగు అక్షరాలూ తెలిస్తే నీ కూతురు స్నేహితురాలి పుస్తకం చూసి పాడగలదు. మనకూ అంత గొప్ప పుస్తకం ఉంది చెల్లీ. ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో అచ్చువేయించిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని". గమకాలకి కూడా విడివిడిగా గుర్తులు పెట్టి రాసిన ఆ పుస్తకం పిల్లకి ఒక్కసారైనా చూపించు.

గమకం అన్న మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హార్మోనియం మీద గమకం అర్థం కాదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారడానికి ఆ మెట్లలో చోటు లేదు. ఠాగూర్‌కి హార్మోనియం గిట్టకపోవడానికి కారణం అదే. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించి, 1971లో గానీ సడలించలేదు. ఆ ఠాగూరే పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారి వీణ విని, ఆయన్ని శాంతినికేతన్‌కి పిలిపించుకున్నారు. గమకమన్నా, హిందుస్తానీ మీండ్ అన్నా వీణ మీదో సితార్ మీదో వినిపించు. హార్మోనియం మెట్లతో స్వరస్థానం చూపించు, అక్కడితో ఆపు.

కీబోర్డు క్లాసులో హార్మనీ అంటారు. స, గ, ప మూడింటినీ ఒకేసారి నొక్కమను, తెలిసిపోతుంది. 1915 నుంచి నడుస్తున్న కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ లాంటి చోట పిల్లల కచేరీ ఉంటే తీసుకెళ్ళు.

ఇక ఈ ఆదివారం చేయాల్సిన పని. పెన్సిల్ తీసుకుని బడి పుస్తకంలో ప్రతి హిందుస్తానీ పదం పక్కన మన పదం రాసిపెట్టండి ఇద్దరూ. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న పేరే రాయమను, శుద్ధ్ అంటే హిందుస్తానీ శుద్ధే. ఆ తర్వాత రోజుకొక్క పదం చాలు. తాన్‌పురా యాప్ పెట్టి ఆ పదాన్ని పాడించు, తాళమైతే వేయించు. నాకు గొంతు లేదని పక్కకి తప్పుకోకు చెల్లీ, నువ్వూ కూర్చుని పాడు.